ఒంటికన్నోడి ఫొటో

ఆ ఫొటో తీసింది చిన్నమ్మే. తర్వాత్తర్వాత నేను తీశానంటే నేను తీశానని చాలామంది చెప్పుకున్నారు గానీ, తీసింది మాత్రం ఆవిడే. తన స్టూడియో మేడమీది గది కిటికీలోంచి, ఒక మంగళవారం సాయంత్రం, చీకటి పడబోయే వేళ.

చిన్నమ్మకి యాభై రెండేళ్ళు. ఎవరికి చిన్నమ్మో ఎవరికీ గుర్తులేదు, వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. స్టూడియో వాళ్ళ నాన్న పెట్టింది. ఒకప్పుడు మేడమీద జలపాతం బొమ్మ వేసిన తెర ముందు కుటుంబాలకి కుటుంబాలే వచ్చి నిలబడేవి. ఫోన్లు వచ్చాక ఆ తెరకి దుమ్ము తప్ప ఇంకేం మిగల్లేదు. ఇప్పుడంతా కింద గదిలో పాస్‌పోర్టు ఫొటోలే. "గడ్డం కొంచెం పైకి. చెవులు కనబడాలి. నవ్వకూడదు." పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఈ మూడు మాటలే ఆవిడ జపం.

మేడమీది కిటికీ తెరిస్తే ఎదురుగా సందు, సందుకి అవతల గోడ, గోడకి అవతల పాత సమాధుల తోట. రెండొందల ఏళ్ళనాటిది. పాతికేళ్ళుగా అందులో కొత్తగా ఎవరినీ పెట్టడం లేదు. సాయంత్రం ఐదింటికి గేటుకి తాళం వేసేస్తారు. ఆ మంగళవారం చిన్నమ్మ సెకండ్‌హ్యాండులో ఒక పొడుగు లెన్సు కొంది. ఎలా పనిచేస్తుందో చూద్దామని కిటికీలోంచి తోటవైపు తిప్పి నాలుగు ఫొటోలు తీసింది. వెలుతురు చాలక అన్నీ అలుక్కుపోయాయి. ఒక్కదాంట్లో మాత్రం, వెనక గోడ దగ్గర రెండు సమాధిరాళ్ళ మధ్య, పొడుగు కోటు వేసుకుని వంగి ఉన్న మనిషి పడ్డాడు. ముఖం పొగలా చెదిరిపోయింది. నుదుటి మధ్యన మాత్రం గుండ్రంగా, తెల్లగా ఒక మెరుపు.

ఎవడో పనివాడు, తలకి లైటు కట్టుకున్నాడనుకుంది చిన్నమ్మ. కానీ ఫొటో చూడముచ్చటగా ఉంది. పెద్దది ప్రింటు తీసి, షోకేసులో బోసినవ్వుల పసిపిల్లల పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మందుల షాపాయన వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు. "ఎవరు చిన్నమ్మా వీడు? నుదుట్లో ఆ కన్నేంటి?"

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ చిన్నమ్మ నోరు ఊరుకునే రకం కాదు. ఎదుటివాడు కళ్ళు పెద్దవి చేస్తే ఇంకొంచెం పెద్దవి చేయించాలనిపిస్తుంది ఆవిడకి. "అదే నాకూ అంతుపట్టడం లేదండీ" అంది గొంతు తగ్గించి. "నేను బటన్ నొక్కినప్పుడు అక్కడ ఎవరూ లేరు."

మందుల షాపాయన నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. జేబులోంచి ఫోన్ తీసి, షోకేసులోని ఫొటోకి ఇంకో ఫొటో తీసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు తిరిగేసరికి దానికి పేరొచ్చింది. ఒంటికన్నోడు. చివరింటి కిరాణా కొట్టు పెద్దమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది. ఆ తోటలో వెనకటికి ఒక కళ్ళ డాక్టరుని పూడ్చారట, బతికుండగా రోగుల కళ్ళు తీసి సీసాల్లో దాచేవాడట, వాడు పోయేముందు వాడి కన్నొకటి ఎవరో పీకేశారట, మిగిలిన ఒక్కటీ నుదుటికి పెట్టుకుని తిరుగుతున్నాడట. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన చిన్నమ్మ యాభై రెండేళ్ళలో ఈ కథ ఏనాడూ వినలేదు. వారం గడిచేసరికి మాత్రం వీధిలో ప్రతి ఒక్కరికీ వాళ్ళ వాళ్ళ అమ్మమ్మలు ఆ కథ చెప్పే ఉన్నారు.

ఆ తర్వాత ఆగలేదు. ఒకాయన చొక్కా విప్పి వీపు మీద గీరుకుపోయిన చారలు చూపించాడు. ఇద్దరు పిల్లలకి జ్వరమొస్తే, ఇద్దరూ తోట గోడ పక్కనుంచే బడికి వెళ్తారని తేలింది. మరుసటి రోజు నుంచి సగం వీధి పిల్లల్ని బడి మాన్పించింది. ఎదురుగా వస్తున్న స్కూటరు లైటు చూసి ఒకావిడ మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ స్కూటరు నడుపుతున్నవాణ్ణి కొట్టినంత పని చేశారు.

చిన్నమ్మకి ఇదంతా కడుపుబ్బ నవ్వొచ్చే సంగతి. ఆదివారం భోజనానికి అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు చేతులు తిప్పుతూ, పెద్దమ్మ గొంతు అనుకరిస్తూ అంతా చెప్పింది. అక్క నవ్వు ఆపుకోలేక పొరబోయి నీళ్ళు తాగింది. బావ మాత్రం తింటున్నవాడు ఆగిపోయాడు.

"ఎక్కడన్నావు ఆ మనిషి నిలబడింది?" అన్నాడు.

"వెనక గోడ దగ్గర బావా. నిలబడలేదు, వంగున్నాడు. వచ్చి చూడండి, షోకేసులోనే ఉంది."

"ఆఁ, వస్తాలే" అన్నాడు బావ. రాలేదు.

బావ గడియారాలు బాగుచేస్తాడు. పెద్దవీధిలో ఒక మేడమెట్ల కింద, మనిషి కూచుంటే మోకాళ్ళు తగిలేంత గాజు గది ఆయన కొట్టు. ఆరింటికి కొట్టు కట్టేసి, డాక్టరు నడవమన్నాడని ఓ గంట నడిచి ఇంటికి చేరతాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ వేళ మారలేదు.

తర్వాతి బుధవారం ఒక పత్రిక నుంచి ఫోనొచ్చింది. ఫొటో పెద్ద సైజులో కావాలన్నారు. చిన్నమ్మ కంప్యూటరు ముందు కూచుని, ఆ మనిషిని తెరంతా నిండేలా పెద్దది చేసింది. అప్పటిదాకా ఆవిడ దాన్ని అంత దగ్గరగా చూడలేదు.

నుదుటి మీది మెరుపు లైటు కాదు. చిన్న గాజుబిళ్ళ. దాని చుట్టూ నల్ల గొట్టం, గొట్టం నుంచి చెవుల వెనక్కి పోతున్న సన్నని తీగ. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం. పని అయ్యాక తీయడం మర్చిపోయి నుదుటి మీదికి తోసేసుకుంటే అలాగే ఉంటుంది. కోటు మోచేతి దగ్గర చదరంగా ఒక తోలు ముక్క. ఆ ముక్క తన పాత కెమెరా సంచీది. పోయినేడాది అక్క అడిగి తీసుకెళ్ళి, తన కళ్ళముందే కుట్టింది.

కౌంటరు దగ్గర ఎవరో "అమ్మా, ఫొటోలయ్యాయా?" అని రెండుసార్లు అడిగారు. ఆవిడకి వినపడలేదు.

పది నిమిషాల్లో గాజు గది ముందు నిలబడి ఉంది. బావ తలెత్తాడు. నుదుటి మీద అదే అద్దం.

"ఏం మరదలు పిల్లా, గడియారం ఆగిందా?"

"మీరు బావా. ఆ ఫొటోలో ఉంది మీరు."

బావ చేతిలోని సన్న పట్టకారు కింద పెట్టాడు. బుకాయించలేదు. ఒకసారి వీధివైపు చూసి, గాజు తలుపు లాగి మూశాడు.

"మీ అక్కకి ఏడో నెలలో కాన్పయింది చూడు. నువ్వప్పుడు పరీక్షలకని ఊళ్ళో లేవు" అన్నాడు. "నాలుగు రోజులు దానికి ఒళ్ళు తెలియని జ్వరం. పాప ఒక్క రాత్రే ఉంది. లేచాక చూపిస్తే మనిషి దక్కదని మీ అమ్మ అంది. నేనూ సరేనన్నాను. ఆస్పత్రి వాళ్ళే చూసుకున్నారని చెప్పేశాం. కానీ వాళ్ళ చేతిలో పెట్టబుద్ధి కాలేదు. కొట్లో గోడగడియారం వచ్చిన చెక్కపెట్టె ఉంటే..." అని ఆగాడు. "అప్పుడు తోటకి కాపలా ఉన్న ముసలాయన వెనక గోడ పక్కన జాగా ఇచ్చాడు. రాయి పెట్టలేదు. పెడితే ఎవరిదని అడుగుతారుగా."

చిన్నమ్మ లెక్క వేసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళ సంగతి. తన కిటికీకి ఎదురుగా. ఆ పాప తన కిటికీకి ఎదురుగా ఉంది.

"రోజూ వెళ్తారా?"

"రోజూ కాదు. వానొస్తే వెళ్ళను." తనకి తనే తప్పు ఒప్పుకున్నట్టు అన్నాడు. "గోడ ఒకచోట కూలింది, అక్కణ్ణించి దూరతా. గడ్డి పీకేస్తా. కాసేపు కూచుంటా. ఆ రోజు ఏ గడియారం బాగుచేశానో చెప్తా. అంతే."

"అక్కకి?"

"చెప్పకు. ఒక్కసారే అడిగింది నన్ను, ఆస్పత్రి వాళ్ళు ఏం చేశారని. తెలీదన్నాను. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

చెప్పనని మాటిచ్చింది చిన్నమ్మ. కొన్నాళ్ళు అటు పోవద్దని ఆయన దగ్గర మాట తీసుకుంది. తిన్నగా షాపుకెళ్ళి షోకేసులోంచి ఫొటో తీసేసి, నాలుగు ముక్కలు చేసింది.

గంట తిరక్కుండా షాపు ముందు యాభై మంది. "ఫొటోలోంచి వెళ్ళిపోయాడంట! ఖాళీ అట్ట మిగిలిందంట!"

"నేనే తీసేశాను" అంది చిన్నమ్మ గుమ్మంలో నిలబడి. "వినండి. నేను అబద్ధమాడాను. ఆ రోజు అక్కడ మనిషి ఉన్నాడు. దయ్యం లేదు, భూతం లేదు. మీలాంటి, నాలాంటి మామూలు మనిషి."

"ఎవరు?" అన్నాడు మందుల షాపాయన.

చిన్నమ్మ నోరు తెరిచింది. గాజు గదిలో బావ ముఖం గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

"చూశారా!" కిరాణా కొట్టు పెద్దమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "పేరు చెప్పబోతే నోరు కట్టేశాడు!"

మందుల షాపాయన ముందుకొచ్చి చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "భయపడకు చిన్నమ్మా. నీకేం కానివ్వం. మేమున్నాం" అన్నాడు. నిజంగా జాలిపడుతున్నాడు. దయ్యం లేదని చెప్పి నమ్మించడం తన వల్ల కాదని అప్పుడు చిన్నమ్మకి తెలిసొచ్చింది.

శనివారం సాయంత్రం ఐదున్నరకి సందు నిండిపోయింది. మూడొందల మంది ఉంటారు. గునపాలు, పారలు, మంచం కోళ్ళు. చిన్నమ్మ మేడమీది కిటికీలోంచి చూస్తుండగానే గేటు తాళం విరిగింది. లోపలికెళ్ళినవాళ్ళు అటూ ఇటూ చూడలేదు. ఫొటోలో ఉన్నది వెనక గోడ కదా, అందరూ తిన్నగా అక్కడికే పోయారు. ఫోన్లలో ఫొటో పెట్టుకుని, అందులో కనబడే రాళ్ళని పోల్చుకుంటూ ఒక్కో సమాధే తవ్వడం మొదలుపెట్టారు.

ఆవిడ బావ కొట్టుకి ఫోన్ చేసింది. పక్క కొట్టతను ఎత్తాడు. "ఆయన నాలుగింటికే కట్టేశారండీ. ఏదో గొడవ జరగబోతోందని ఎవరో చెబితే విని, ఉన్నపళంగా లేచి వెళ్ళిపోయారు."

చిన్నమ్మ పరుగెత్తింది. తోటవైపు కాదు, అక్కావాళ్ళింటికి. అక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలోనే, ఇచ్చిన మాట గాలికొదిలి, నాలుగు ముక్కల్లో చెప్పేసింది చిన్నమ్మ. ఫొటోలో ఉన్నది బావ. అక్కడుంది మీ పాప. అక్కడ తవ్వుతున్నారు. బావ కొట్లో కూడా లేడు.

అక్క ఏమీ అడగలేదు. ఆవిడ చేతికింద చొక్కా కాలి పొగ వస్తోంది. ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన నిలబెట్టి, స్విచ్చి తీసేసి, ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుంది.

"పద" అంది.

తోటలోకి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. చిన్నమ్మకి ఆ గుంపులో ప్రతి ముఖమూ తెలుసు. ప్రతి ఒక్కరికీ గడ్డం పట్టుకుని పైకెత్తి, జుట్టు వెనక్కి సర్ది, నవ్వొద్దని చెప్పి ఫొటో తీసిన మనిషి తను. ఇప్పుడు ఒక్క ముఖమూ ఆనవాలు దొరకలేదు. నోళ్ళు తెరుచుకుని, కళ్ళు బయటికొచ్చి, అందరిదీ ఒకే ముఖంలా ఉంది.

నడుమ, తవ్వి పోసిన మట్టిలో, బావ కూచుని ఉన్నాడు. చెవి పక్కనుంచి నెత్తురు కారుతోంది. ఎడమచెయ్యి ఉండాల్సినట్టు లేదు. కుడిచేత్తో ఒడిలో చెక్కపెట్టెని పొదివి పట్టుకున్నాడు. ఆయన కోటు అంచు మీద ఎవరో కాలు వేసి తొక్కి ఉన్నారు, లేవకుండా.

"గడియారాలాయన!" ఎవరో గుర్తుపట్టారు. "ఇది మన గడియారాలాయన రా!"

గునపాలు కాస్త కిందికి దిగాయి. మందుల షాపాయన ముందుకు వంగి చూశాడు. పోయిన నెలే ఆయన బావ వేలికి కట్టు కట్టాడు. "మీరిక్కడేం చేస్తున్నారండీ? ఏంటా పెట్టె?"

"మా పాప" అన్నాడు బావ. "ఇది మా పాపండీ. దయచేసి ముట్టుకోకండి."

అయిపోయింది, ఇక అందరూ తలొంచుకుని ఇళ్ళకి పోతారనుకుంది చిన్నమ్మ. అంతలో వెనకనుంచి పెద్దమ్మ గొంతు కీచుమంది.

"పసిపిల్లల్ని తింటున్నాడ్రోయ్!"

అంతే. ఎటునుంచో రాయి వచ్చి బావ భుజానికి తగిలింది. ఇంకోటి. "అబద్ధం! నేను అబద్ధమాడాను! మనిషిని చూశాను!" చిన్నమ్మ గొంతు చించుకుని అరిచింది. పక్కనున్నవాడికి కూడా వినపడలేదు. వినపడినా వాడు ఆవిడవైపు తిరగలేదు.

అక్క మాత్రం అరవలేదు. "జరగండి. కాస్త జరగండి బాబూ" అంటూ, కిక్కిరిసిన బస్సులో దిగడానికి దారి చేసుకునే మనిషిలా నడిచింది. ఎందుకో జరిగారు. వెళ్ళి బావ పక్కన మట్టిలో కూలబడింది. పెట్టెవంక చూసింది. దాని మీద గడియారం బొమ్మ సగం చెరిగిపోయి ఉంది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మొగుణ్ణి 'మీరు' అని తప్ప వేరే మాటతో పిలిచి ఎరగదు.

"నువ్వు నాకు చెప్పలేదు" అంది. "నువ్వు. నాకు."

బావ ఏదో అనబోయాడు. ఆవిడ వినలేదు. పెట్టెని ఆయన ఒడిలోంచి తన ఒడిలోకి తీసుకుని, కప్పుకున్న శాలువా దాని మీదికి లాగి, చుట్టూ దోపింది. చల్లగాలి తగలకుండా బిడ్డకి కప్పినట్టే.

మూడో రాయి పడలేదు. ముందువరసలో ఉన్నవాళ్ళకి ఇద్దరు ముసలివాళ్ళు కనిపించారు. మందుల షాపాయన చేతిలో కర్రని, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనట్టు చూసుకున్నాడు. అక్క బీపీ మాత్రలు నెలనెలా కట్టి ఇచ్చేది ఆయనే. కర్ర కింద పడేశాడు. అప్పటికి పోలీసుల ఈలలు వినబడ్డాయి. మూడొందల మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, కాళ్ళవైపు చూసుకుంటూ గేటు దాటారు. వెనక నలభై సమాధిరాళ్ళు కూలి పడున్నాయి.

బావకి రెండు పక్కటెముకలు, ఎడమచేతి మూడు వేళ్ళు విరిగాయి. వేళ్ళు అతుక్కుంటాయి గానీ సన్నపని కుదరదన్నాడు డాక్టరు. ఎస్సై స్టూడియోకి వచ్చి కూచున్నాడు. "ఎవరెవరున్నారో మీరు చెప్పగలరా? ఎవరినడిగినా ఆ రోజు ఊళ్ళోనే లేమంటున్నారు."

"చెప్తాను" అంది చిన్నమ్మ. "ముందు నా పేరు రాసుకోండి. బటన్ నొక్కినప్పుడు అక్కడ ఎవరూ లేరని చెప్పింది నేను. మొదలెట్టింది నేను." ఎస్సై కలం ఆగింది. ఆవిడ ఆగలేదు. గునపం పట్టినవాళ్ళనీ, రాయి విసిరినవాళ్ళనీ, కోటు తొక్కినవాణ్ణీ, పదమూడు మందిని, కంప్యూటర్లో ఒక్కొక్కరి పాస్‌పోర్టు ఫొటో తీసి చూపించింది. చెవులు కనబడేలా, నవ్వకుండా కూచున్న పదమూడు మంది. మందుల షాపాయన ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడలేదు.

ఇంత జరిగాకైనా ఆ కథ చచ్చిపోతుందనుకుంది. పదిరోజుల తర్వాత పక్కవీధి నుంచి ఒకమ్మాయి పాస్‌పోర్టు ఫొటోకి వచ్చింది. కుర్చీలో కూచుంటూ, "ఇక్కడ మీకు భయం వెయ్యదా ఆంటీ? ఇప్పుడు ఇద్దరంట కదా" అంది. "ఒంటికన్నోడితో పాటు ఒక ఆడమనిషి కూడా తిరుగుతోందట. ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూచుంటుందట."

చిన్నమ్మ కెమెరా వెనకనుంచి తలెత్తింది. "ఆవిడ మా అక్కమ్మా."

ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో! మీ అక్కగారు ఎప్పుడు పోయారు ఆంటీ?"

చిన్నమ్మ బటన్ నొక్కేసింది. ఆ ఫొటో అలుక్కుపోయింది, మళ్ళీ తీయాల్సొచ్చింది.

పాపని మళ్ళీ అక్కడే పెట్టారు. ఈసారి పట్టపగలు, పదిగంటలకి, మునిసిపాలిటీ కాగితంతో, పైన రాయితో. అక్క, బావ, చిన్నమ్మ, ఇద్దరు పనివాళ్ళు. ఇంకెవరూ రాలేదు.

అప్పటికి అక్క బావతో మాట్లాడి పదకొండు రోజులు. వండింది, ఎముకలు విరిగి వంగలేడు కదాని పక్కన కూచుని తనే తినిపించింది, మాత్రలూ నీళ్ళూ నోటికందించింది. మాట మాత్రం లేదు. ఆ మధ్యాహ్నం కూడా అంతే. బావ మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. అక్క చెంచాతో అన్నం పెడుతోంది. చిన్నమ్మ గుమ్మం దగ్గర నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది.

చెంచా సగంలో ఆగింది.

"జుట్టుందా?" అంది అక్క.

బావకి మొదట అర్థం కాలేదు.

"ఉంది. ఒత్తుగా. నుదుటికి అంటుకుని ఉంది."

"ముక్కు?"

"నీదే."

"ఏడ్చిందా?"

"ఒక్కసారి. తెల్లవారేముందు. చిన్నగా. నా వేలు పట్టుకుంది, వదల్లేదు."

అక్క చెంచా కంచంలో పెట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మొదట్నించి చెప్పండి" అంది. "ఏదీ వదిలిపెట్టకుండా చెప్పండి."

బావ చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, బయట మెట్ల మీద కూచుంది.